అందలము, మోయువారు: చలనచిత్ర కథాలోకములు – బహుజన పాత్రధారణ క్రీడలు

ప్రస్తావన

కొలది కాలము క్రిందట ఎనిమిదవ తరగతి విద్యార్థుల కొక చిన్న వ్యాసరచన నిచ్చితిని. కృష్ణగిరి జిల్లాలో అల్పసంఖ్యాక భాషా పాఠశాలలయందు తెలుగు చెప్పువారి కష్టము చదువరులకు తెలియనిది కాదు. పాఠ్యపుస్తకములోని విషయ మిచ్చినచో పిల్లల కలములు కదలవు. అందుచేత వారి మనసునకు నచ్చిన విషయమునే యిచ్చి, "బాహుబలి చిత్రములోని మాహిష్మతీ నగరమున మీ కొక స్థానము దొరకినచో ఎవరై యుండ గోరుదురు?" అని అడిగితిని. మగపిల్ల లందరును ఒక్క మాటగా బాహుబలి నగుదు నని వ్రాసిరి. ఆడపిల్లలలో కొందరు దేవసేన, కొందరు శివగామి. ఒక్క బాలిక మాత్రము కోటవాకిట కమ్మరి కొలిమి పెట్టుకొందు నని వ్రాసినది. కారణ మడుగగా, "అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని మా అవ్వ అంటుంది సార్. అందరూ బాహుబలే అయితే కత్తులు చేసిచ్చేదెవరు?" అన్నది. తరగతి గొల్లున నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ బాలిక ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. విశేష జనాదరణ పొందిన చలనచిత్రములను, ముఖ్యముగా భాగము వెంట భాగముగా వెలువడు కథామాలికలను, ఆన్‌లైన్‌లో వేలమంది కలిసి ఆడు పాత్రధారణ క్రీడలుగా మార్చు యత్నములు ఇరువదియేండ్లకు పైగా సాగుచున్నవి. వానిలో కొన్ని నిలిచినవి, కొన్ని మూతపడినవి. చిత్రము గెలిచినంతమాత్రమున క్రీడయు గెలుచునా? ఏ కథ ఇందులకు తగును, ఏ కథ తగదు? ఈ విషయమును మన సీమవారి కంటితో పరిశీలించుటయే నా ఉద్దేశము.

నా నిర్ణయమును ముందుగనే మనవి చేయుచున్నాను. కథానాయకుని కీర్తి క్రీడ ముంగిటికి జనమును తెచ్చును. వచ్చిన జనమును నిలుపునది మాత్రము అందలము మోయువారికి ఆ కథాలోకమున దొరకు గౌరవమైన పని. విదేశములవారు కోట్లు వెచ్చించి నేర్చుకొన్న ఈ పాఠము మన పల్లెలలో భారతపు తిరునాళ్లు జరుపుకొనువారికి తరతరములుగా తెలిసినదే.

క్రీడా స్వరూపము

ఈ క్రీడల నెరుగని పెద్దలకొరకు కొన్ని మాటలు చెప్పవలసియున్నది. పందెముకట్టి డబ్బు పోగొట్టుకొను ఆన్‌లైన్ ఆటలు వేరు. వానిని నిషేధించుచు భారత పార్లమెంటు 2025లో చట్టము చేసినది. ఈ వ్యాసమున చెప్పబడునవి ఆ జాతివి కావు.

1974లో అమెరికాయందు వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటలో కొందరు మిత్రులు బల్లచుట్టు కూర్చుండి, తలకొక వేషము ధరించినట్లు భావించుకొని, మాటలతోడనే కథ నడుపుదురు. ఫలితమును పాచికలు తేల్చును. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు అనేకులు ఒకేసారి ప్రవేశింపదగిన ఒక లోకమును కంప్యూటరుపై నిర్మించి దానికి 'మడ్' అని పేరిడిరి. అందు బొమ్మలు లేవు, అంతయు మాటలే. పిమ్మట 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినవి. ఈ కడపటి దానికి 2010 నాటికి చందాదారులు 1 కోటి 20 లక్షలకు చేరిరి. ఇది ఏ చిత్రమునుండి పుట్టినదియు కాదు. పైగా ఈ క్రీడనుండియే 2016లో ఒక చిత్రము పుట్టినది.

ఇట్టి క్రీడకు మూడు లక్షణములు కలవు. ఒకటి, వేలకొలది జనులు ఏకకాలమున ఒకే లోకమున సంచరింతురు. రెండు, ప్రతివాడును తన కొక పాత్రను కల్పించుకొని, దానిని నెలలు, సంవత్సరములు పెంచుకొనును. మూడు, ఆడువాడు లేచిపోయినను ఆ లోకము ఆగదు. అతడు నిద్రించి మరల వచ్చునప్పటికి అంగడిలో ధరలు మారియుండును. పొరుగువాడు ఇల్లు కట్టుకొనియుండును. ఈ మూడును ఒక ఊరికి గల లక్షణములే యని గమనింపవలెను.

చలనచిత్రపు స్వభావము దీనికి ఎదురు. చిత్రము మూడు గంటలలో ముగియును. కెమెరా నాయకుని వెంట నడచును. అతడు లేనిచోట ఏమి జరుగుచున్నదో మనకు కనబడదు, కనబడ నక్కరయు లేదు. మాహిష్మతిలో ఉప్పు ఎక్కడనుండి వచ్చునో రాజమౌళిగారు చూపనక్కరలేదు. కాని ఆ నగరమున ఏండ్ల తరబడి నివసింపబోవు ఆటగానికి ఉప్పు కావలెను.

పైని పేర్కొన్న బార్టిల్ 1996లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించినాడు. పైమెట్టు ఎక్కగోరువారు, క్రొత్తచోట్లు చూడగోరువారు, తోడివారితో కలిసిమెలిసి యుండగోరువారు, ఎదుటివానిని పడగొట్టగోరువారు. చిత్రనాయకుని కథ మొదటి తెగకును, నాలుగవ తెగకును చాలును. నడుమనున్న రెండు తెగలకు కావలసినది లోకము. కథ మాత్రమే యున్నచో వారు రెండు నెలలలో విసిగి వెడలిపోదురు.

విదేశానుభవము

ఈ విషయమున మిక్కిలి బోధకమైనది 'స్టార్ వార్స్ గెలాక్సీస్' చరిత్ర. 1977లో ఆరంభమైన స్టార్ వార్స్ చిత్రమాలిక నాధారముగా చేసికొని 2003 జూన్ నెలలో సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ దీనిని వెలువరించినది. ఆ చిత్రములలో జెడై అను యోధులు కలరు. వెలుగు ఖడ్గము ధరించి అద్భుతశక్తులు చూపువారు. అభిమాని యగు ప్రతివానికిని తాను జెడై కావలెనని కోరిక. కాని ఆ క్రీడ జరుగు కాలమున, చిత్రకథ ప్రకారము, జెడైలు దాదాపు నశించియుండిరి. కావున నిర్మాతలు జెడై మార్గమును రహస్యముగా దాచి, తక్కిన జనులకు ముప్పదికి పైగా వృత్తులు కల్పించిరి. దర్జీలు, వైద్యులు, గృహనిర్మాతలు, ఆయుధములు చేయువారు, నర్తకులు, వాద్యకారులు – ఇందరును అందుండిరి. యుద్ధమున అలసినవాడు పానశాలకు వచ్చి నర్తకి ఆట చూచినగాని అతని మనసు తేరుకొనదు. దర్జీ కుట్టిన వస్త్రము, కమ్మరి చేసిన ఆయుధము కొననిదే యోధునికి గడవదు. ఆటగాండ్రు తమంత తాము ఊళ్లు కట్టుకొని, పురాధ్యక్షుల నెన్నుకొనిరి. ఒకనితో నొకనికి పని పడినది. పని పడినచోట మాట పుట్టినది.

చెడుట రెండు మెట్లలో జరిగినది. జెడై కావలెనన్న కొన్ని వృత్తులను సంపూర్ణముగా నేర్వవలెనను రహస్యము పొక్కగానే, నిన్నటివరకు ప్రేమతో నాట్యమాడిన వాడు నాట్యము విడిచి, ఇష్టములేని వృత్తి వెంట వృత్తి నేర్చుట మొదలిడెను. అందల మెక్కు ఆశ మోయువారి సంతోషమును హరించినది. పిమ్మట 2005 నవంబరులో నిర్మాతలు క్రీడ నంతయు మార్చి, ముప్పదికి పైగా నున్న వృత్తులను తొమ్మిదికి కుదించి, జెడై వేషమును మొదటి దినముననే ఎవరికైనను ఇచ్చిరి. చిత్రములోని నాయకులవలె నుండుటే జనులు కోరుదురని వారి యూహ. ఫలితము విపరీతమైనది. ఏండ్లతరబడి పెంచుకొన్న వృత్తులు ఒక్క దినమున మాయమైనవారు గుంపులుగా విడిచిపోయిరి. 2011 డిసెంబరు 15వ తేదీన ఆ లోకము మూతపడినది. అయినను కొందరు అభిమానులు స్వయముగా సర్వర్లు ఏర్పరచుకొని పూర్వపు క్రీడను పునరుద్ధరించుకొనిరి. వారు మరల కట్టుకొన్నది 2005కు పూర్వపు లోకమునే – దర్జీలు, నర్తకులు ఉన్న లోకమునే – అనుట గమనార్హము.

అదే నెల 20వ తేదీన అదే చిత్రమాలికనుండి 'ది ఓల్డ్ రిపబ్లిక్' అను మరియొక క్రీడ ఆరంభమైనది. ఇందు నిర్మాతలు చిక్కును వేరుదారిని విప్పిరి. కథను చిత్రముల కాలమునకు మూడువేల యేండ్లకు పైగా వెనుకకు జరిపి, ఎనిమిది విధముల పాత్రలకు ఎనిమిది వేర్వేరు కథలు వ్రాసి, నటులచేత సంభాషణలు పలికించిరి. ఇది నిలిచినది, దీనిని మెచ్చువారు నేటికిని కలరు. ఇందు ప్రతివాడును తన కథకు నాయకుడే. అయినను ఒకే చిత్రశాలలో కూర్చున్న వేయిమంది తలకొక తెరపై తమ తమ చిత్రమును చూచుచున్నట్లు ఉండునని నా అభిప్రాయము. పక్కవానితో పని తక్కువ.

'ది మేట్రిక్స్ ఆన్‌లైన్' 2005లో మొదలైనది. మూడవ చిత్రము ముగిసినచోటనుండి కథ క్రీడలో సాగునని చాటి, చిత్రములోని ముఖ్యపాత్రలను సంస్థవారి నటులచేత క్రీడాలోకమున ఆడించిరి. మార్ఫియస్ అను ప్రసిద్ధపాత్ర ఆ క్రీడలోనే హతమైనది. ఆలోచన గొప్పది, కాని కథ కదలుటకు ఎవరో పైనుండి వేషము కట్టి రావలెను. వచ్చువారు తగ్గినకొలది లోకము చల్లబడి, 2009 జులై 31న మూతపడినది.

దీనికి ప్రతిగా 2007 ఏప్రిల్ నెలలో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్' చెప్పదగినది. టోల్కీన్ నవలకు 2001 నుండి 2003 వరకు వెలువడిన మూడు చిత్రములు లోకమంతట కీర్తి తెచ్చియుండెను. కాని ఈ క్రీడకు హక్కులు చిత్రములవి కావు, గ్రంథమువి. ఈ భేదము చిన్నది కాదు. గ్రంథమున ఊళ్లు, వంశములు, పంటలు, విందులు, దారులు, భాషలు విస్తారముగా నున్నవి. ఆటగాడు ఉంగరము మోయు ఫ్రోడో కాడు. ఫ్రోడో నడచిన దారికి ప్రక్కదారిని నడచు సామాన్యుడు. తోట పెంచవచ్చును, వంట చేయవచ్చును, వాద్యము వాయించి నిజముగా స్వరములు పలికింపవచ్చును. ఆటగాండ్రు కొండపై గుమికూడి ఏటేట సంగీతోత్సవము జరుపుకొనుట కూడ ఆ లోకమున ఆచారమైనది. దాని నెవ్వరును పైనుండి ఏర్పాటు చేయలేదు.

వీనినిబట్టి తేలున దేమి? చిత్రపు కీర్తి ఒక్కటే అయినను ఫలితములు భిన్నములైనవి. భేదము సామాన్యునికి దొరకిన చోటులో నున్నది.

మన సీమలోని పూర్వరూపము

ఇప్పుడు మన యూళ్లకు వత్తము. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములందును, సరిహద్దున కావల కుప్పము, చిత్తూరు ప్రాంతములందును ద్రౌపదమ్మ గుళ్లు, ధర్మరాజుల గుళ్లు కలవు. వానియొద్ద జరుగు భారతోత్సవమును చూడనివా రీ సంఘమున తక్కువ. పగలు భారత ప్రవచనము, రాత్రి వీధినాటకము. ఊరినిబట్టి భాష తమిళమో తెలుగో యగును. సాధారణముగా పదునెనిమిది దినములు, ఒక్కొక్కచోట అంతకు మించియు సాగును. ఈ సంప్రదాయమును గూర్చి ఆల్ఫ్ హిల్టెబైటెల్ అను అమెరికా పండితుడు తమిళనాటి సెంజి ప్రాంతమును ముఖ్యముగా పరిశీలించి, 1988లోను 1991లోను రెండు పెద్ద సంపుటములు వెలువరించినాడు.

ఈ ఉత్సవమును బహుజన పాత్రధారణ క్రీడగా ఒకసారి చూడుడు. మహాభారతముకంటె జనప్రియమైన కథామాలిక మన దేశమున మరి లేదు. ముఖ్యవేషములు కొన్నియే, అవి ఆరితేరిన నటులవి. అర్జునుడు నేనగుదు నని ఊరివా రందరును కోరరు. అయినను ప్రతివారికిని అందులో పని కలదు. బకాసురవధ నాడు భీముని బండి ఊరంతయు తిరుగును. ఇంటింటివారును ఆ బండికి అన్నము పోయుదురు. ఆ క్షణమున ప్రేక్షకులు ఏకచక్రపుర వాసులై పోవుదురు. అర్జున తపస్సు నాడు వేషధారి నిలువెత్తు మ్రాను నెక్కి నిమ్మపండ్లు, విభూతి విసరును. క్రింద నిలిచినవారు వానికై కొంగులు పట్టుదురు. కడపటి దినమున కుమ్మరులు, కూలివారు చేరి మట్టితో బ్రహ్మాండమైన దుర్యోధనుని శయనమూర్తిని తీర్చుదురు. ఆ మట్టిమేనిపై భీమ దుర్యోధన వేషధారుల గదాయుద్ధము, ద్రౌపది కురులు ముడుచుట, సాయంకాలము నిప్పుల గుండము. ఇందు కుమ్మరికి గల చోటు అర్జున వేషధారి చోటుకంటె తక్కువది కాదు. మట్టి తెచ్చువాడు రానినాడు యుద్ధమే లేదు.

ఇంకొక విశేషము. దుర్యోధనుడు కూలునని ఊరిలో ప్రతి పసివానికిని తెలియును. కథ ముగింపు ముందే తెలిసినచో క్రీడకు రుచి పోవునని చిత్రములనుండి క్రీడలు చేయువారు భయపడుదురు. మన పల్లెలు ఆ భయమును ఏనాడో వదలినవి. ఏమి జరుగునో తెలిసికొనుటకు జనులు రారు. జరుగునప్పుడు అచ్చట తా ముండవలెనని వచ్చెదరు.

హోసూరునకు సమీపమున నున్న బెంగుళూరు ధర్మరాయస్వామి ఆలయపు కరగ మహోత్సవము మరింత స్పష్టమైన ఉదాహరణము. ద్రౌపది వేషమున కరగము మోయువా డొక్కడే. కాని అతని చుట్టు కత్తులు చేతబట్టి వీరకుమారులు పెక్కుమంది నడతురు. ద్రౌపది రాక్షసుని ఎదుర్కొనుటకు సృష్టించిన సైనికులే వారని స్థలకథ. వ్యాసభారతమున ఈ వీరకుమారులు లేరు. కరగ సంప్రదాయపు తిగళజనులు మహాకథ ప్రక్కన తమకొరకై కల్పించుకొన్న పాత్ర యిది. పేరులేని వేలమందికి పేరొకటి, విధి యొకటి, వ్రతనియమ మొకటి యిచ్చిన యీ కల్పనకంటె మంచి క్రీడారచన నేను చూడలేదు.

తెలుగు చిత్రముల యోగ్యత

ఈ గీటురాయిపై మన చిత్రములను గీచి చూతము.

బాహుబలి మొదటి భాగము 2015లోను, రెండవది 2017లోను వెలువడినవి. తెలుగు తమిళ భాషలందు ఏకకాలమున నిర్మితములు. 2017లోనే బెంగుళూరునందలి మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ సంస్థ 'బాహుబలి: ది గేమ్' అను సెల్‌ఫోను క్రీడను వెలువరించినది. అందు ఆటగాడు కోట కట్టి, సేన కూర్చి, కాలకేయుల నెదుర్కొనును. చిత్రములోని వీరులు అతనికి తోడుపడుదురు. ఇది వ్యూహక్రీడ; పాత్రధారణ క్రీడ కాదు. నిర్మాత లీ మార్గమును ఎన్నుకొనుటలో వివేకమున్నది. ఏలయన మాహిష్మతి యను పేరు గొప్పదైనను, చిత్రమున మనకు కనబడునది సింహాసనము, రణభూమి, జలపాతము. కుంతల దేశపు వేట, దేవసేన చెర, కట్టప్ప దాస్యము – ఇవి యన్నియు ఒక్క వంశపు కథ చుట్టు తిరుగును. సామాన్యులు జయజయధ్వానములు చేయుటకే వత్తురు. ఈ లోకమును బహుజన క్రీడగా మార్చవలెనన్న ముందుగా దానికి అంగడివీథులు కట్టవలెను. కట్టప్ప పాత్ర మాత్రము ఒక బీజము: ఆజ్ఞకును మనసునకును నడుమ నలుగు సేవకుని కథ వేలమంది వేర్వేరుగా అనుభవింపదగినది.

పుష్ప చిత్రములు 2021, 2024 సంవత్సరములలో వచ్చినవి. ఇందు బాహుబలిలో లేనిది – కూలిపని, మేస్త్రీలు, బేరములు, అడవి దారులు – కలదు. క్రీడాలోకమునకు కావలసిన సామగ్రి యంతయు నున్నది. కాని ఇక్కడ నా కలము తడబడును. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలపు అడవిలో పోలీసు కాల్పులలో 20 మంది మరణించిరి. వారు తమిళనాటి కూలీలు. మన ఉత్తరార్కాడు, ధర్మపురి వైపు పల్లెలలో ఎర్రచందనము అనునది వినోదపు మాట కాదు. చిత్రమున నాయకుడు అందలమెక్కును. దుంగలు మోసినవారి పేర్లు మనకు తెలియవు. అట్టి లోకమును క్రీడగా చేయువారు ఆ మోయువారి ప్రాణమునకు విలువ కట్టగలిగినగాని ఆ పనికి పూనుకొనరాదు.

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' ఈ మూటిలో మిక్కిలి యోగ్యమైనదని నా నిశ్చయము. కథ భారతయుద్ధమున మొదలై, వేలయేండ్ల పిమ్మటి కాశికి దూకును. నీరెండిన కాశి, దానిపైన సంపన్నులకు మాత్రమే ప్రవేశముగల కాంప్లెక్స్, దాగియున్న శంబల – మూడు చోట్లకు మూడు జీవన విధానములు. కాంప్లెక్స్ ప్రవేశమునకు పదిలక్షల యూనిట్లు కావలెను. భైరవుడను నాయకుడే ఆ మూల్యము కూర్చుకొనుటకు పాటుపడు సామాన్యుడు. నీరు, నాణెము, దారి, శరణము – వీనిచుట్టు వేలమందికి వృత్తు లేర్పడగలవు. నాయకుడు లేకున్నను ఆ నగరము బ్రదుకుచుండునని తోచును. ఇదియే అసలైన పరీక్ష.

పాతచిత్రములలో ఒక్కదానిని పేర్కొనక పోలేను. 1957లో విజయావారు తెలుగునను తమిళమునను నిర్మించిన మాయాబజార్‌లో పాండవులే కనబడరు. ఘటోత్కచుడు శశిరేఖ వేషము ధరించుటే కథకు కీలకము. పాత్రధారణమే దాని ఇతివృత్తము. చిన్నమయ్య, లంబు, జంబు అనువారు విడిదినగరము నొకదానిని అంగడులతోసహా నిలువున కట్టుదురు. మహాభారతమును మోయువారి వైపునుండి చూపిన చిత్రమది. నేడు క్రీడలు నిర్మింపబూనువారు దానిని పాఠ్యగ్రంథముగా చూడవచ్చును.

భాషకు సంబంధించిన మాట

తెలుగు బోధించువానికి ఈ చర్చతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. పని యున్నది.

మన సీమ 1965 వరకు సేలము జిల్లాలోను, పిమ్మట ధర్మపురి జిల్లాలోను ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లా యైనది. హోసూరు, డెంకణికోట, తళి, వేపనపల్లి ప్రాంతముల ఇండ్లలో తెలుగు తరతరములుగా పలుకుచున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట మన పిల్లలకు తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధమైనది. తమిళము నేర్చుట మేలే; ఈ గడ్డపై బ్రదుకువారికి అది రావలెను. చిక్కు మరియొకటి. పిల్లవానికి బడిలో తమిళమునకు పాత్ర కలదు. ఉద్యోగమున ఇంగ్లీషునకు పాత్ర కలదు. బెంగుళూరు బస్సులో కన్నడమునకు పాత్ర కలదు. తెలుగునకు వంటింటిలో తప్ప పాత్ర లేదు. పాత్ర లేని భాషను పాఠముగా ఎంత చెప్పినను అది నోట నిలువదు. ఏటేట నా తరగతిలో ఖాళీ బల్లలు పెరుగుచుండుటకు ఇదియే ముఖ్యకారణమని నేను నమ్ముచున్నాను.

దీనికి విరుద్ధమైన వింత నొకదానిని గమనించితిని. బాహుబలిలో కాలకేయులకొరకై తమిళ రచయిత మదన్ కార్కి 'కిలికి' యను భాషను కల్పించెను. పుట్టిల్లు లేని భాష యది. అయినను తెలుగు చదువుటకు తడబడు పిల్లలు ఆటస్థలమున ఆ మాటలను తప్పులేక అరచుట నేను వింటిని. కారణము స్పష్టము: కాలకేయుడు కావలెనన్న ఆ మాటలు పలుకవలెను. భాషకు వేషము దొరకినది. వేషము వెంట భాష వచ్చినది.

హోసూరు బాలుడు, గుంటూరు బాలిక, అమెరికాలో పుట్టిన తెలుగుబిడ్డ ఒకే మాహిష్మతిలోనో కాశిలోనో కలిసినచో ఏ భాషలో మాటలాడుదురు? ఆ లోకమున అంగడి పేర్లు, పనిముట్ల పేర్లు, బేరపు మాటలు తెలుగున నున్నచో తెలుగుననే మాటలాడుదురు. అచ్చటకూడ అందరును నాయకులే యైనచో మాటతో పనిలేదు. కత్తి ఝళిపించుట చాలును. కమ్మరియు, రైతును, వైద్యుడును ఉన్నచోటనే భాష అవసరమగును. కావున క్రీడకు మేలుచేయు లక్షణమే భాషకును మేలుచేయును. ఈ రెంటి కూడలిని చూపుటయే ఈ వ్యాసపు ముఖ్యప్రయోజనము.

ఆక్షేపణలు, సమాధానములు

"రోజంతయు కొలిమి ఊదుటకు ఎవడు ఆడును?" అని నిర్మాతలు అడుగుదురు. 2009లో ఫేస్‌బుక్‌నందు వచ్చిన ఫార్మ్‌విల్ అను క్రీడలో కోట్లకొలది జనులు దున్నుట, విత్తుట, కోయుట తప్ప మరేమియు చేయలేదు. పనిలో మెప్పు, ఇరుగుపొరుగు ఉన్నచో మనుష్యుడు పనిని ఆటగా స్వీకరించును.

"ఇట్టి క్రీడలు పిల్లల కాలమును మింగవా?" అని తలిదండ్రు లడుగుదురు. ఆ భయము న్యాయమైనది. అంతము లేని లోకము కావున కాలనియమము లేనిచో హాని తప్పదు. ఈ విషయమునను భారతోత్సవమే మార్గము చూపును: దాని కొక తిథి, పదునెనిమిది దినములు, కడపట పట్టాభిషేకము. క్రీడాలోకము తిరునాళ్లవలె ఋతువునకు తెరచి ఋతువునకు ముగియునట్లు నిర్మించుట అసాధ్యము కాదు.

ఉపసంహారము

ఒక చలనచిత్ర కథాలోకము బహుజన పాత్రధారణ క్రీడకు తగునా యని తేల్చుటకు నాలుగు ప్రశ్నలు చాలునని నా మనవి. నాయకుడు లేని దినమున ఆ లోకమున ఏమి జరుగును? అచ్చట సామాన్యుడు ఏ పనిచేసి బ్రదుకును? ఒకని పని మరియొకనికి అవసరమగునా? మహాకథలో లేని క్రొత్తపాత్రలను, వీరకుమారులవలె, ప్రక్కన కల్పింప వీలున్నదా? వీనికి సమాధానమున్న కథ చిన్నదైనను గెలుచును. లేని కథ ఎంత ప్రసిద్ధమైనను కొద్ది యేండ్లలో మూతపడును.

తెలుగునాట చిత్రనిర్మాణమునకు కొదవలేదు. క్రీడానిర్మాణము తెలిసిన యువకులు హైదరాబాదునను బెంగుళూరునను కలరు. వారు ఈ పనికి పూనుకొనునాడు ద్రౌపదమ్మ గుడిముంగిట పదునెనిమిది రాత్రులు కూర్చుండి చూచి, పిమ్మట మొదలిడవలె నని ప్రార్థన.

కడపట ఆ బాలికను గూర్చి ఒక మాట. కొలిమిలో వాడు పనిముట్ల పేర్లు చెప్పుడని ఆమె నన్నడిగినది. కొలిమి, తిత్తి, సమ్మెట యని చెప్పి ఆగిపోయితిని. మరునాడు అవ్వనడిగి, కాగితముపై తెలుగు అక్షరములలో వ్రాసి తెచ్చినది: కొలిమి, తిత్తి, సమ్మెట, పటకారు, దాగలి. అందులో నేను దిద్దినవి రెండు అక్షరదోషములు. నేర్చుకొన్నది ఒక మాట.